లేహ్‌లో మొదటి రెండు రాత్రులు

ఢిల్లీలో పొద్దున్నే విమానం ఎక్కితే గంటన్నరలోపే లేహ్‌లో దిగుతాం. ఢిల్లీ సముద్రమట్టానికి 216 మీటర్ల ఎత్తులో ఉంది, లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో. తిరుమల కొండ 850 మీటర్ల పైచిలుకు. అంటే కాఫీ తాగి ఓ కునుకు తీసేలోగా తిరుమలకు నాలుగింతల ఎత్తుకు చేరిపోయామన్నమాట. మనిషి చేరినంత త్వరగా ఒళ్లు అలవాటు పడదు. సెలవులకు లద్దాఖ్, కేదార్‌నాథ్, స్విట్జర్లాండ్ అనుకుంటున్న కుటుంబాలు హోటల్, కారు ఖర్చులతో పాటు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ముందుగా గాలి సంగతి. ‘అక్కడ ఆక్సిజన్ తక్కువ’ అంటారు గానీ, గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఒక్కో శ్వాసలో లోపలికి చేరే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. హైదరాబాద్‌లో కొన్న చిప్స్ ప్యాకెట్‌ని లేహ్‌లో బ్యాగులోంచి తీసి చూడండి, పగులుతుందేమో అన్నట్టు ఉబ్బి ఉంటుంది. లోపలి గాలి మన ఊళ్లో నింపినదే. బయటి నుంచి నొక్కే ఒత్తిడి తగ్గింది, అంతే.

విశాఖ బీచ్‌లో ఈ ఒత్తిడి 100 అనుకుందాం. హైదరాబాద్‌లో అది 94, అరకులో 90, ఊటీలో 76. లేహ్‌లో, కేదార్‌నాథ్‌లో 65 దగ్గర. పాంగాంగ్ సరస్సు ఒడ్డున 60. లేహ్ నుంచి నుబ్రా లోయకు వెళ్లే దారిలో 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా కనుమ మీద 51. హైదరాబాద్‌లో పది శ్వాసల్లో అందే ఆక్సిజన్‌కి లేహ్‌లో పద్నాలుగు పైచిలుకు, ఖార్దుంగ్ లా మీద పద్దెనిమిది శ్వాసలు కావాలి. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వచ్చేది అందుకే.

‘ఊటీ, కొడైకెనాల్ వెళ్లొచ్చాం, ఏమీ కాలేదే?’ అవి 2,240, 2,100 మీటర్లు. ఇబ్బంది సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. తలనొప్పి, దానికి తోడు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, నిద్ర పట్టకపోవడం. డాక్టర్లు దీన్ని అక్యూట్ మౌంటెన్ సిక్‌నెస్ అంటారు. తేలిగ్గా చెప్పాలంటే, ఎత్తు పడకపోవడం. అమెరికాలోని కొలరాడో కొండల్లో 2,450 మీటర్ల పైన రాత్రి గడిపే సందర్శకుల్లో సుమారు పాతిక శాతం మందికి ఇది వస్తుంది. నలుగురున్న కుటుంబంలో ఒకరికన్నమాట. లేహ్ అంతకంటే వెయ్యి మీటర్లు పైన ఉంది.

‘స్విట్జర్లాండ్‌లో మంచు కొండ మీదికి రైల్లో వెళ్లాం, పెద్దవాళ్లు కూడా బాగానే ఉన్నారు’ అని ఇంకో అనుమానం. 1912లో తెరిచిన ఆ యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది, ఇంచుమించు లేహ్ అంత. తేడా ఏమిటంటే, ఎత్తు పడని లక్షణాలు మామూలుగా చేరిన 6 నుంచి 12 గంటలకు బయటపడతాయి. స్విట్జర్లాండ్‌లో పైన రెండు మూడు గంటలు తిరిగి, చీకటి పడేసరికి 567 మీటర్ల ఇంటర్‌లాకెన్‌కి దిగి వచ్చేస్తాం. అది హైదరాబాద్ కంటే పిసరంత ఎత్తు. లేహ్‌లో అయితే ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. కాబట్టి పగలు ఎక్కిన ఎత్తు కన్నా రాత్రి పడుకునే ఎత్తు ముఖ్యం.

కొండ ప్రయాణాలకు వైద్యులు చెప్పే నియమం కూడా దీని మీదే నిలబడింది. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రికీ మర్నాటి రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. విమానంలో లేహ్ వెళ్తే ఈ నియమాన్ని మొదటి రోజే దాటేస్తాం. అందుకే అక్కడ 48 గంటలు విశ్రాంతి అంటారు. గదిలోనే కూర్చోనక్కర్లేదు. మొదటి రోజు పడక, భోజనం. రెండో రోజు బజారులో మెల్లగా నడక. మద్యం, నిద్రమాత్రలు మాత్రం వద్దు.

‘రోడ్డు మీద వెళ్తే మెల్లగా అలవాటవుతుంది కదా?’ శ్రీనగర్ నుంచి అయితే అవును. శ్రీనగర్ 1,585 మీటర్లు, మధ్యలో రాత్రి ఆగే కార్గిల్ 2,676, ఆ తర్వాత లేహ్. మనాలి దారి సంగతి వేరు. 2,050 మీటర్ల మనాలిలో పొద్దున బయల్దేరి 4,290 మీటర్ల సర్చు గుడారాల్లో పడుకుంటే, ఒక్క రోజులో 2,240 మీటర్ల తేడా. ఆ దారి తిరుగు ప్రయాణానికి పెట్టుకోవడం మేలు.

లేహ్ తర్వాత నుబ్రా లోయ తేలిక, ఎందుకంటే అక్కడి హుందర్ 3,100 మీటర్లే. ఖార్దుంగ్ లా మీద ఫొటోలకు పావుగంట చాలు. పాంగాంగ్ దగ్గరే చిక్కు. లేహ్ నుంచి 4,250 మీటర్ల సరస్సు ఒడ్డున పడుకుంటే 750 మీటర్ల పెరుగుదల, నుబ్రా నుంచి నేరుగా వెళ్తే 1,150. దారిలో తాంగ్‌సే అనే ఊరు ఉంది, సుమారు 3,900 మీటర్లు. లేహ్ నుంచి వెళ్లి రాత్రి అక్కడ ఉండి, పగలు సరస్సు చూసి వస్తే లెక్క 500 లోపే సరిపోతుంది.

చార్‌ధామ్ యాత్రకూ ఇదే కొలత. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, నడక మొదలయ్యే గౌరీకుండ్ సుమారు 2,000. 16 కిలోమీటర్లు నడిచి, అందులోనూ ఉపవాసంతో, పైన పడుకునే పెద్దవాళ్లకు ఆ రాత్రి భారంగా గడవచ్చు. హెలికాప్టర్‌లో వెళ్తే నిమిషాల్లో చేరుతారు కాబట్టి, అదే రోజు దర్శనం చేసుకుని దిగి రావడం మంచిది. 3,100 మీటర్ల బద్రీనాథ్‌కి ముందు జోషీమఠ్‌లో ఒక రాత్రి ఆగితే ఎక్కడం రెండు అంచెలవుతుంది.

‘మా అబ్బాయి రోజూ జిమ్‌కి వెళ్తాడు, వాడికేం కాదు’ అనుకోకండి. కండబలానికీ ఎత్తు పడకపోవడానికీ సంబంధం లేదు. పైగా బలంగా ఉన్న కుర్రాళ్లు మొదటి రోజే మెట్లన్నీ ఎక్కేసి కూలబడుతుంటారు. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. తిండి మానేసి ఊరికే పేచీ పెడుతుంటే అనుమానించాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గర్భిణులు టికెట్ తీయకముందే డాక్టర్‌ని అడగాలి.

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వెంట ఉంటే ఒక మాట. అప్పట్లో అందులో ఆక్సిజన్ శాతం 94 కంటే తగ్గితే కంగారు పడ్డాం. లేహ్‌లో మొదటి రోజు 85–90 మధ్య కనిపించడం మామూలే. అంకె ఒక్కదాన్నే చూసి బెంబేలెత్తవద్దు, మనిషిని చూడండి.

బజారులో అమ్మే ఆక్సిజన్ డబ్బా మాటేమిటి? ఊరికే కూర్చున్న మనిషి కూడా నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. పది లీటర్ల డబ్బా ఎంతసేపు వస్తుందో మీరే లెక్కేసుకోండి. రుమాల్లో కట్టుకునే కర్పూరం ముక్కు తెరుచుకున్న భావన ఇస్తుంది, ఒంట్లో ఆక్సిజన్ పెంచదు. పిల్లలు మింగితే ప్రమాదం కూడా. పనిచేసే మందు ఎసిటజోలమైడ్, చాలామందికి డయామాక్స్‌గా తెలుసు. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, పైకి వెళ్లే ముందురోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, ఎక్కువసార్లు మూత్రానికి వెళ్లడం ఈ మందుతో మామూలే.

ఇక కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నురగతో దగ్గు, తూలుతూ నడవడం, పొంతన లేని మాటలు: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం అలాగే మొదలవుతాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎత్తు దిగాలి. నుబ్రా, పాంగాంగ్‌ల నుంచి లేహ్‌కి రావాలంటే మామూలుగా 5,300 మీటర్లు దాటిన కనుమ ఎక్కి దిగాలి. లోపలికి వెళ్లే ముందే లేహ్‌లో రెండు రాత్రులు గడపమనేది ఇందుకే.

ప్యాకేజీ కాగితం చేతికి రాగానే ప్రతి రాత్రి బసకు ఎదురుగా ఆ ఊరి ఎత్తు పెన్నుతో రాయండి. 3,000 పైన ఎక్కడైనా 500 కంటే ఎక్కువ గెంతు కనిపిస్తే ఆ బసను మార్చమని ఏజెంటును అడగండి. లేహ్‌లో మొదటి రెండు రాత్రులూ లేని అయిదు రోజుల ప్యాకేజీ ఎంత చవకైనా వద్దనండి. సెలవు అయిదు రోజులే దొరికితే పాంగాంగ్ వదిలేయండి, ఆ రెండు రాత్రులను మాత్రం వదలకండి.