వెండ్రుకల గూడు: శస్త్రచికిత్స తరువాతి జాగ్రత్తలు

కొన్ని వ్యాధులు నొప్పివలన కంటె సిగ్గువలన ముదురును. పిరుదుల నడిమి చీలికలో, వెన్నెముక కొస దగ్గర లేచు పుండు అట్టి వానిలో ఒకటి. విద్యార్థి దానిని సెగగడ్డ అనుకొనును. ఇంటివారు మొలలు అనుకొందురు. ఊరిలో ఎవరో భగందరమని తేల్చుదురు. ఈలోగా అతడు తరగతికి రాడు. ఎందుకు రాలేదని అడిగినచో "ఒంట్లో బాగాలేదు సార్" అని తల వంచుకొనును. మేము అంతకు మించి అడుగలేము, అతడు చెప్పలేడు.

వైద్యులు దీనిని పైలోనైడల్ సైనస్ అందురు. లాటిన్ భాషలో పైలస్ అనగా వెండ్రుక, నైడస్ అనగా గూడు. హాడ్జెస్ అను అమెరికా వైద్యుడు 1880లో ఈ పేరు పెట్టెను. లోలోపల సొరంగమువలె సాగి చీము కార్చు పుండును మన ప్రాచీన వైద్యులు నాడీవ్రణమనిరి. ఉర్దూ మాటలాడువారు నాసూర్ అందురు. శరీరమున దూరి బాధించు శల్యములను లెక్కించుచు సుశ్రుతుడు గడ్డి, రాయి, ఎముకలతోబాటు వెండ్రుకను గూడ చేర్చుట గమనింపదగినది.

ఈ వెండ్రుక ఎక్కడినుండి వచ్చును? ఇది పుట్టుకతో వచ్చిన లోపమని వైద్యులు చిరకాలము తలచిరి. 1948లో పేటీ, స్కార్ఫ్ అను ఆంగ్ల వైద్యులు ఒక క్షురకుని చేతివ్రేళ్ల సందున ఇట్టి పుండునే చూచి వర్ణించిరి. కత్తిరించిన వెండ్రుకలు వెలుపలినుండి చర్మమును తొలుచుకొని పోగలవను అభిప్రాయము దీనితో బలపడెను. వెండ్రుక మీద కంటికి కనబడని పొలుసులు కలవు. గడ్డిముల్లు పంచె అంచున తగులుకొని నడచినకొలది పైకి ప్రాకుట మన పల్లెలలో ఎరుగనివారు లేరు. రాలిన వెండ్రుకయు పిరుదుల రాపిడికి అట్లే ఒకే దిక్కుగా లోనికి దిగును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సుమారు 80,000 మంది అమెరికా సైనికులు దీనితో ఆసుపత్రుల పాలైరి. గతుకుల బాటల మీది జీపు ప్రయాణము కారణమని తలచి, బ్యూయీ అను వైద్యుడు 1944లో దీనిని జీపు వ్యాధి అనెను. కల్యాణదుర్గము వైపునుండి ఎండలో ట్రాక్టరు మీదనో, క్రిక్కిరిసిన ఆటోలోనో వచ్చి, గంటలకొలది బల్లమీద కూర్చుండు మన విద్యార్థికి ఆ పేరు క్రొత్తగా తోచదు. యౌవనారంభము మొదలు నలువది ఏండ్లలోపు మగవారికి ఇది ఎక్కువ; ఆడపిల్లలకు రాదనుకొనుట మాత్రము పొరపాటు.

చీముపట్టి వాచినపుడు వైద్యుడు ముందు కోసి చీము తీయును. నొప్పి తగ్గును గాని గూడు మిగులును. చాలమంది ఇక్కడనే ఆసుపత్రిని మరచి, పరీక్షల వేళకు మరల మంచమెక్కుదురు. గూటిని తొలగించిన పిదప గాయమును తెరచియుంచి అడుగునుండి మాననిచ్చుట ఒక పద్ధతి. దీనికి వారములు, ఒక్కొక్కప్పుడు రెండుమూడు నెలలును పట్టును. కుట్టివేసినచో త్వరగా మానును. అయితే చీలిక నడుమనే కుట్టినచో వ్యాధి మరలుట ఎక్కువ. అందుచే కుట్టును ప్రక్కకు జరుపు పద్ధతులు వచ్చినవి. గ్రీకు సైనిక వైద్యుడు కారిడాకిస్ 1973లో ప్రకటించినది వానిలో ప్రసిద్ధము.

మా దృష్టిలో అసలు శ్రమ ఇంటికి వచ్చిన తరువాత మొదలగును. తెరచిన గాయమును ప్రతిదినము కడిగి కట్టు మార్చవలెను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు ఈ మెట్టసీమలో, కొళాయి ముందు బిందెలు బారులు తీరు వీథిలో, రోజూ కడుగుమనుట తేలిక మాట గాదు. కాని తొట్టెడు నీరు అక్కరలేదు. కాచి చల్లార్చిన నీరు రెండు చెంబులు చాలును. ధారగా పోసి, రుద్దక, శుభ్రమైన మెత్తని గుడ్డతో అద్ది ఆరనీయవలెను. మలవిసర్జన తరువాత తప్పక కడుగవలెను. పసుపు, బూడిద, ఎవరో ఇచ్చిన పొడి గాయములో కూరరాదు. ఇది పెద్దల మాటను త్రోసిపుచ్చుట గాదు. అడుగునుండి మానవలసిన గాయమునకు పైన మూత పడినచో చీము లోపలనే నిలుచును. రాగిసంగటి, ఆకుకూరలు, చాలినంత నీరు తీసికొన్నచో మలబద్ధము రాదు. ప్రక్కకు తిరిగి పడుకొనవలెను, నడువవచ్చును, ఎక్కువసేపు కూర్చుండుట, మోటారుసైకిలు ఎక్కుట వైద్యుడు అనుమతించువరకు మానవలెను. జ్వరము, వాపు, దుర్వాసనగల చీము, ఆగని రక్తము కనబడినచో ఆనాడే శస్త్రచికిత్స చేసిన వైద్యుని వద్దకో, అనంతపురము ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో పోవలెను. ఇట్టి విద్యార్థి వైద్యుని చీటీ తెచ్చినపుడు కళాశాల సంఘమువారు హాజరు విషయమున దానిని మన్నించి, తరగతిలో వెనుక నిలుచుండి వినుటకు అనుమతించినచో ఒక సంవత్సరము దక్కును.

గాయము మానిన పిదప వెండ్రుకల సంగతి. చుట్టు మొలచినవి వంగి మచ్చలో దిగును, రాలినవియు దిగును. వారమునకొకసారి బ్లేడుతో గొరుగుట పూర్వపు ఆచారము. 2009లో జర్మన్ వైద్యులు ప్రకటించిన దీర్ఘకాల పరిశీలనలో, గొరిగినవారికే వ్యాధి మరలుట ఎక్కువగా కనబడెను. వైద్యులందరు దీనిపై ఏకాభిప్రాయమునకు రాలేదు. అమెరికా వైద్యసంఘము 2019లో వెలువరించిన సూచనలు గొరుగుటను, లేజరును రెండింటిని అంగీకరించినవి. మాకు తోచునది ఇది: చర్మము తెగని కత్తిరింపు యంత్రము మేలు, బ్లేడు వైద్యుడు చెప్పినచోనే. రోమములు తొలగించు క్రీమును ముందు ముంజేతిపై పరీక్షింపవలెను, మానని గాయము దరికి రానీయరాదు. లేజరు వెండ్రుక కుదురును కాల్చును. కొన్ని వారముల ఎడముతో పలుమార్లు చేయించవలెను, ఖర్చును ఎక్కువే. మనవంటి నల్లని మేనికి తగిన లేజరును, అనుభవజ్ఞుని చేతిని వెదకవలెను. లేనిచో చర్మము కాలి మచ్చ పడును.

ఆ చోటు తన కంటికి తనకు కనబడదు. అన్నయో, తండ్రియో, ఆడపిల్లలకు తల్లియో సాయము చేయక తప్పదు. తలవెనుక వెండ్రుకలు గూడ ఈ గూళ్లలో దొరకుచున్నవని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. కావున క్షవరమైన దినమున తువాలుతో మెడ దులుపుకొని తిన్నగా కళాశాలకు రాక, చొక్కా విదిలించి, తలనుండి స్నానము చేసి, ఆఖరి చెంబు నీటిని వీపు మీదుగా చీలికలోనికి పారునట్లు పోసికొనవలెను.