ఖాళీ చేసిన ఇంటి చిరునామా

ఇంటి పన్ను, నీటి బిల్లు, జనన ధ్రువీకరణ పత్రం వంటి పనుల కోసం నేడు పౌరులు కంప్యూటర్‌లోని బ్రౌజర్‌ను ఆశ్రయిస్తున్నారు. అటువంటి వేళ తెరపై ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడినది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అన్న సూచన కనబడితే దానిని నమ్మరాదు. ఎందుకు నమ్మరాదో గ్రహించుటకు ఆ ఫ్లాష్ ప్లేయర్ చరిత్ర కొంత తెలిసి ఉండవలెను.

ఫ్లాష్ ప్లేయర్ అడోబీ సంస్థ అందించిన ప్లగిన్. అనగా బ్రౌజర్‌కు అదనంగా జోడించే చిన్న ప్రోగ్రామ్. వీడియోలు, ఆటలు, కదిలే బొమ్మలు ఒకప్పుడు దాని ద్వారానే ఎక్కువగా కనబడేవి. 2015 జులైలో, ప్రభుత్వాలకు నిఘా సాఫ్ట్‌వేర్ విక్రయించే హ్యాకింగ్ టీమ్ అనే ఇటలీ సంస్థ నుండి అపహరించిన దస్త్రాలు బహిర్గతమయ్యాయి. ఆ ప్లగిన్‌లో అడోబీకే తెలియని లోపమొకటి వాటిలో వెల్లడైనది.

ఆ లోపాన్ని ఒక ఉపమానంతో వివరింపవచ్చు. ఒక కుటుంబానికి ఉత్తరం అందజేయుటకు బంట్రోతు చిరునామా వ్రాసుకొని బయలుదేరినాడు. అతడు దారిలో ఉండగానే ఆ కుటుంబం పెద్ద ఇంటికి మారినది. ఖాళీ అయిన పాత ఇంటిలో ఒక మోసగాడు చేరినాడు. బంట్రోతు చిరునామాను మరల సరిచూడక ఉత్తరాన్ని పాత ఇంటిలోనే ఇచ్చినాడు. ఆ ఉత్తరం ఇంటి విస్తీర్ణాన్ని నిర్ణయించే పత్రంగా చెల్లినదనుకొందాం. ఒక్క గది ఇల్లు కాగితం మీద వీధి అంతయు అయినది. ఇక మోసగాడు ఏ ఇంటిలోనికైనా ప్రవేశింపగలడు.

కంప్యూటర్ మెమొరీలో జరిగినది ఇదే. ప్రోగ్రామ్ ఒక సమాచార వరుసలో విలువను వ్రాయబోవుచుండగా, ఆ వరుస పెరిగి వేరొక చోటికి మారినది. విలువ మాత్రం ఖాళీ అయిన పాత చోటనే పడినది. అక్కడ దుండగులు ముందే అమర్చిన మరొక వరుస యొక్క పొడవు దానితో మారిపోయినది. అటుపై ప్లగిన్ మెమొరీలో తమది కాని భాగాలను సైతం చదువుటకు, మార్చుటకు వారికి వీలు కలిగినది. బాధితుడు ఏమియు డౌన్‌లోడ్ చేయనక్కరలేదు. దుష్ట పేజీని తెరచుటయే చాలును.

అడోబీ 2015 జులై 8న సవరణను విడుదల చేసినది. అదే దస్త్రాలలో మరి రెండు లోపాలు బయటపడగా, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కొంతకాలం ఫ్లాష్‌ను నిలిపివేసినది. సవరణ వచ్చినను దానిని స్థాపించుకొనని కంప్యూటర్లకు ముప్పు తప్పలేదు. తుదకు 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతును ముగించినది. 2021 జనవరి 12 నుండి అందులోని దృశ్యాలు నడువకుండ అడ్డుకొన్నది. ఇప్పుడు వీడియోలను బ్రౌజరే స్వయంగా చూపగలదు.

కనుక ఫ్లాష్‌ను అప్‌డేట్ చేయమని ఏ పేజీ కోరినను అది మోసమే. దేనినీ నొక్కక ఆ పేజీని మూసివేయండి. పాత కంప్యూటర్‌లో ఫ్లాష్ మిగిలి ఉన్నచో తొలగించండి. బ్రౌజర్‌ను దాని సెట్టింగులలో నుండి మాత్రమే అప్‌డేట్ చేసుకొనండి. నెట్ సెంటర్‌లో ఇటువంటి సూచన కనబడినచో అక్కడ పాస్‌వర్డ్ గాని ఓటీపీ గాని నమోదు చేయకండి. డబ్బు పోయినచో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయండి.