లంక ఆకు, హవానా ఆకు

పొగాకును పొగాకుతోనే చుడితే చుట్ట. అందులో కాగితం ఉండదు, ఫిల్టరు ఉండదు. క్యూబాలో పనివాళ్లు చేతితో చుట్టే హవానా సిగార్ ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుతుంది. గోదావరి లంకల్లో పండిన ఆకుతో పల్లెటూరి అరుగు మీద రైతు చుట్టుకునే చుట్ట ఆ ధర దరిదాపుల్లోకి రాదు. అయినా రెండింటి పుట్టుక ఒకటే: ఏటి ఒడ్డునో కొండ దిగువనో ఉన్న ఒక ప్రత్యేకమైన నేల, నీడలో నెమ్మదిగా ఆరిన ఆకు, కుప్పలో మగ్గిన వాసన, మనిషి చేయి. హవానా సిగార్‌ను మెచ్చుకోవడం నేర్చుకోవాలనుకునే తెలుగు పాఠకుడికి లంక చుట్టకు మించిన తొలిపాఠం లేదు.

పొగాకు మిరప, వంగ, టమాటాల కుటుంబానికి చెందిన మొక్క. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో మిరప పండించే రైతుకు నేల మారితే పంట గుణం మారుతుందని ఎవరూ చెప్పనక్కర్లేదు. పొగాకుకు ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. తేలిక ఇసుక నేలలో పండిన ఆకు పలచగా, లేత రంగులో ఉంటుంది. బరువు నేలలో అదే మొక్కకు మందపాటి ముదురు ఆకు వస్తుంది. గోదావరి లంకల నేల ఈ రెండూ కాదు. ఏటా వానాకాలంలో వరద వచ్చి లంకను ముంచుతుంది, తీసినప్పుడు ఒండ్రు మట్టి వదిలిపోతుంది. నీరు తగ్గి నేల పదునుకు వచ్చాక నారు నాటుతారు. కింద చెమ్మ నిలిచి ఉంటుంది, పైన శీతాకాలపు పొడి గాలి ఆడుతుంది. ఆ రెంటి మధ్య పెరిగిన ఆకు మందంగా, జిగురుగా, ఘాటుగా తయారవుతుంది. చుట్టకు కావలసింది సరిగ్గా అలాంటి ఆకే.

మొక్కకు పూమొగ్గ కనిపించగానే తల తుంచేస్తారు. ఆ తర్వాత ఆకు మొదళ్లలో పుట్టుకొచ్చే పిలకలను గిల్లుతూ పోతారు. పువ్వుకు, గింజకు పోవలసిన బలం ఆకుకు చేరాలనే ఈ పని. నికోటిన్ తయారయ్యేది వేరులో. తల తుంచిన మొక్క దాన్ని మరింతగా తయారుచేసి పైకి పంపుతుంది. రైతు చేతిలోని ఈ పనితో ఆకు ఘాటు పెరుగుతుంది. మంచుకు తడిసిన ఆకును పొద్దున్నే కోసే కూలీలకు చర్మం గుండా అదే నికోటిన్ ఎక్కి తల తిరగడం, వాంతులు వస్తాయి. చుట్ట కథలో ఎవరూ పెద్దగా చెప్పుకోని కష్టం ఇది.

కోసిన ఆకును ఆరబెట్టే తీరులోనే సిగరెట్టు పొగాకు, చుట్ట పొగాకు వేరైపోతాయి. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వ్యాపించిన వర్జీనియా పొగాకును బ్యారన్లలో పెట్టి, గొట్టాల వేడితో వారం లోపే ఆరబెడతారు. ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. అది కరిగిపోయేలోపే ఆకు ఎండిపోతుంది కాబట్టి చక్కెర అందులోనే నిలిచి, ఆకు పసుపు రంగు తిరుగుతుంది. లంక ఆకుకు ఈ తొందర లేదు. కొంచెం కాండంతో సహా కోసి, తోరణాలుగా కట్టి, పందిళ్ల కింద వారాల తరబడి వేలాడదీస్తారు. ఆకు ఆ నీడలో చాలా రోజులు బతికే ఉంటుంది, తనలోని చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది. చక్కెర అయిపోయేసరికి పచ్చదనం పోయి గోధుమ రంగు వస్తుంది. క్యూబాలోనూ ఇదే పద్ధతి. పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో పొలాల్లో ఆకును ఆరబెట్టే తాటాకు కప్పు కొట్టాలను తూర్పు పడమరలుగా కడతారు. పొద్దుటి ఎండ ఒక కొసకు, సాయంత్రపు ఎండ మరో కొసకు తప్ప లోపలి ఆకుకు తగలదు. ఆకు అక్కడ దాదాపు యాభై రోజులు ఉంటుంది.

ఆరిన తర్వాత మండె వేయడం. ఆకుకు కొద్దిగా చెమ్మ పట్టించి, కట్టలు కట్టి, కుప్పగా పేర్చి కప్పుతారు. కుప్ప తనంతట తానే వేడెక్కుతుంది. అనుభవజ్ఞుడైన రైతు మండెలోకి చేయి దూర్చి వేడి చూస్తాడు. మితిమీరితే విప్పి, అడుగు కట్టలు పైకి, పై కట్టలు అడుగుకి వచ్చేలా మళ్లీ పేరుస్తాడు. ఆ సమయంలో కళ్లు మండించే అమ్మోనియా వాసన బయటికి పోతుంది. పచ్చి ఆకులోని పొగరు దిగి, కమ్మని ముదురు వాసన పుట్టేది ఇక్కడే. లంకకు, హవానాకు అసలు తేడా కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. లంక ఆకు ఒకసారి మగ్గాక చెక్కులు కట్టుకుని బేరానికి పోతుంది. క్యూబాలో ఆకును రకాలుగా విడదీసి, మళ్లీ మగ్గబెట్టి, బేళ్లలో పెట్టి నిలవ చేస్తారు. అన్నిటికన్నా ఘాటైన ఆకు కనీసం రెండేళ్లు అలా ఉంటేగాని చుట్టేవాడి బల్ల మీదికి రాదు. ఆ రెండేళ్ల పెట్టుబడిని, ఆ ఓపికను ఎవరో ఒకరు మోయాలి. లంక రైతుకు ఆ వెసులుబాటు లేదు.

మెట్ట ఊళ్లలో పాతతరం రైతు చుట్ట చుట్టుకోవడం చూసినవాళ్లకు పనితనం అంటే ఏమిటో తెలుస్తుంది. సంతలో కొన్న పొగాకు కాడను గుడ్డలో చుట్టి, చెమ్మ ఆరకుండా దాచుకుంటాడు. అందులోంచి ఒక ఆకు లాగి, నీటి తడి అద్ది, తొడ మీద పరిచి, నడిమి ఈనెను కొస పట్టుకుని ఒకే ఊపులో చీరి తీసేస్తాడు. చిరిగిన, చిన్న ముక్కలను లోపలికి పొడవుగా సర్ది, మచ్చలేని సగం ఆకును ఏటవాలుగా తిప్పుతూ చుడతాడు. బిగువు వేళ్లకే తెలియాలి. మరీ బిగిస్తే పొగ లాగదు, వదులైతే మంట పరుగెత్తి నోరు కాలుతుంది. చివర ఒక దారప్పోగు ముడి. అగ్గిపెట్టె సులువుగా దొరకని రోజుల్లో చెకుముకి రాయి మీద ఉక్కుముక్క కొట్టి, దూదికి నిప్పు అంటించి, ఆ నిప్పుతో ముట్టించేవారు.

హవానా గలేరాలో, అంటే చుట్టేవాళ్ల పొడవాటి హాలులో, ఇదే పని ఐదు రకాల ఆకులతో జరుగుతుంది. లోపలి కూర్పుకు మూడు ఆకులు: మొక్క అడుగున పెరిగిన వొలాదో బాగా కాలుతుంది, నడిమి ఆకు సేకో వాసన ఇస్తుంది, ఎండ నేరుగా తాకిన పై ఆకు లిహేరో ఘాటు ఇస్తుంది. లిహేరో నెమ్మదిగా కాలుతుంది కాబట్టి దాన్ని సరిగ్గా నడుమ పెడతారు. ఈ మూడింటినీ పట్టి ఉంచేది కపోతె అనే నాలుగో ఆకు. పైన కనిపించే నునుపైన ఐదో ఆకు కాపా. దీన్ని పొలం మొత్తానికీ పలుచని గుడ్డ పందిరి వేసి, నీడలో పెంచుతారు. చుట్టేవాడి చేతిలో చవేతా అనే వంపు కత్తి, ఎదుట చెక్క పలక, పక్కన వాసనలేని బంక. మూడు ఆకులనూ వేళ్ల మధ్య మడుస్తూ పేర్చడంలోనే నేర్పంతా ఉంది. వాటి మధ్య పొగకు సన్నని దారులు మిగలాలి, కొస నుంచి కొస దాకా ఒకే వత్తు ఉండాలి. మన చుట్ట రెండు కొసలూ తెరిచే ఉంటాయి. సిగార్‌కు నోట్లో పెట్టే కొసన ఆకుతోనే టోపీ అంటిస్తారు, తాగబోయేముందు దాన్ని కోస్తారు. 1865 నుంచి హవానా ఫ్యాక్టరీల్లో ఇంకో ఆచారం ఉంది: పనివాళ్లు చుడుతుంటే ఒకరు ఎత్తయిన పీట మీద కూర్చుని వార్తాపత్రికలు, నవలలు గట్టిగా చదివి వినిపిస్తారు. మాంటెక్రిస్టో అనే ప్రసిద్ధ సిగార్‌కు పేరు అలా చదివిన డ్యూమా నవల నుంచే వచ్చిందంటారు.

ఇక రుచి చూడడం. మొదట కంటితో: పై ఆకు మీద సన్నని నూనె మెరుపు ఉండాలి, ఈనెలు పొడుచుకు రాకూడదు, రంగు పొడవునా ఒకేలా ఉండాలి. తర్వాత వేళ్లతో మెల్లగా నొక్కి చూడాలి. గట్టి గడ్డలు, మెత్తని గుంతలు చేతికి తగిలితే చుట్టడంలో లోపం ఉన్నట్టే. పరిమాణాన్ని పొడవుతోను, అంగుళంలో 64వ వంతుల లెక్కన మందంతోను చెబుతారు. రోబుస్తో అనే రకం 124 మిల్లీమీటర్ల పొడవు, 50 మందం. మంటను కొసకు నేరుగా తగిలించకుండా, కొంచెం దూరాన పట్టి, తిప్పుతూ కొస అంతటినీ సమంగా వెచ్చజేసి ముట్టిస్తారు. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు. నోటి నిండా నిలిపి, నాలుక మీద తిప్పి, వదిలేస్తారు. నిమిషానికి ఒక దమ్ము చాలు. తొందరపడితే ఆకు వేడెక్కి చేదవుతుంది. మొదటి మూడోవంతులో వాసన తేలికగా ఉంటుంది, నడిమికి వచ్చేసరికి నిండుతుంది, చివరి భాగంలో ఘాటు ముదురుతుంది. బూడిద కూడా కొంత చెబుతుంది. ఆకులో పొటాష్ తగినంత ఉంటే నిప్పు నిలిచి ఉంటుంది. ఉప్పునీటి పొలంలో పండి క్లోరైడ్ ఎక్కువైన ఆకు మాటిమాటికీ ఆరిపోతుంది. పొడవాటి నిండు ఆకులతో చుట్టినదానికి బూడిద రాలకుండా అంగుళం దాకా నిలుస్తుంది. నిలవ చేయడానికి గాలిలో చెమ్మ 65 నుంచి 70 శాతం, చల్లని చోటు కావాలి. మన రైతు తడిగుడ్డలో కాడ దాచుకోవడం వెనక ఉన్నదీ ఆ జ్ఞానమే.

ఆకు మన దేశానికి వచ్చింది పోర్చుగీసు ఓడల్లో. 17వ శతాబ్దం మొదట్లోనే బీజాపూర్ నుంచి అసద్ బేగ్ అనే రాయబారి దాన్ని అక్బరు కొలువుకు తీసుకెళ్లాడు. 1617లో జహంగీరు నిషేధించాడు, నిషేధం నిలవలేదు. పందొమ్మిదో శతాబ్దానికల్లా లంక ఆకు చుట్టలు ఇంగ్లండు దాకా పోయాయి. ఆర్థర్ కానన్ డాయిల్ 1890 నాటి ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి పొగాకు రకం చెప్పగలనని అంటూ, ఉదాహరణగా ఎత్తుకున్న పేరు భారతదేశపు లంక చుట్టదే. తెలుగులో గురజాడ నాటకంలోని గిరీశం చేతిలో చుట్ట ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు.

ఈ వాసనకు మూల్యం ఉంది, దాన్ని దాచి రుచిని మాత్రమే పొగడడం పాఠకుడికి అన్యాయం. వర్జీనియా సిగరెట్టు పొగ కాస్త పుల్లదనం కలది. ఊపిరితిత్తుల దాకా పీల్చితేగాని నికోటిన్ ఒంటికి బాగా ఎక్కదు. చక్కెర కోల్పోయిన చుట్ట పొగ క్షార గుణం కలది కావడంతో నోటి పొర నుంచే నికోటిన్ రక్తంలోకి పోతుంది. అందుకే పీల్చకపోయినా మత్తు తెలుస్తుంది, అలవాటు పట్టుకుంటుంది. మండెలో కమ్మదనం పుట్టే దశలోనే నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలూ పెరుగుతాయి. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్టు పెట్టెడు పొగాకు ఉండవచ్చు. పీల్చకుండా తాగినా నోరు, గొంతు, అన్నవాహికల క్యాన్సర్ ముప్పు తప్పదు. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, నిప్పు కొసను నోట్లో పెట్టి తాగే అడ్డపొగ అలవాటు దీనికన్నా దారుణం. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగకూ అంగిటి జబ్బులకూ ఉన్న సంబంధాన్ని చూపింది. ఫ్యాక్టరీ పెట్టెల మీద 2016 నుంచి 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక తప్పనిసరి. సంతలో విడిగా అమ్మే పొగాకు కాడ మీద ఏ హెచ్చరికా ఉండదు.

పేరు విషయంలోనూ రెండు ఆకుల దారులు వేరు. హవానా అనే మాటను క్యూబా చట్టంతో కాపాడుకుంది. పెట్టెకు ప్రభుత్వ ముద్ర, అడుగున పూర్తిగా చేతితో చేసినదని తెలిపే గుర్తు, సిగార్ మెడకు రంగుల పట్టీ ఉంటాయి. 1962లో అమెరికా వాణిజ్య నిషేధం విధించినా ఆ పేరు విలువ తగ్గలేదు. ఇక్కడ 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది, లంక రకాల మీదా పని చేసింది. గుంటూరు కేంద్రంగా 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు చూసేది ప్రధానంగా వర్జీనియానే. వేలం కేంద్రాలు ఆ ఆకుకే ఉన్నాయి. లంక ఆకును వ్యాపారులు రైతు దగ్గరే బేరమాడి కొంటారు. చుట్ట తాగేవాళ్లు ఏటికేడు తగ్గుతున్నారు కాబట్టి లంకల్లో అరటి, కూరగాయలు ఆ నేలను క్రమంగా తీసుకుంటున్నాయి.