పల్లెకూ వ్యాయామమా?

పొలంలో ఒళ్లు వంచేవాడికి వేరే వ్యాయామం దేనికన్న మాట పల్లెల్లో తరచూ వినిపించేదే. అది నిన్నటి మాట. దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రం వచ్చాయి. గట్టు దాకా మోటారు సైకిలు పోతోంది. నీళ్లు ఇంటి ముందే పడుతున్నాయి, రోకలి అటకెక్కింది. ఆ చాకిరీ మళ్లీ రావాలని ఎవరూ కోరరు. అయితే చాకిరీతో పాటు కదలికా పోయింది.

మన దేశంలో 2000లో పెద్దవారిలో 22 శాతం మందికి చాలినంత శరీర శ్రమ లేదు. 2022 నాటికి అది 49 శాతమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు లెక్కగట్టారు. మహిళల్లోనైతే 57 శాతం. ఇంటిపని, కూలిపని కలిపి చూసిన లెక్కే ఇది. దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10 కోట్లు దాటారని 2023లో వెల్లడైన సర్వే తెలిపింది. ఆ జబ్బు గడప దాకా వచ్చినవారు మాత్రం పట్నంలో, పల్లెలో దాదాపు సమానమేనట!

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడిచినా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టు 29న 'ఫిట్ ఇండియా' ఉద్యమం ప్రారంభించింది. ప్రతిజ్ఞలు, పరుగులు బాగానే జరిగాయి. ఏడాదికోసారి పరుగెత్తితే బి.పి. దిగుతుందా?

ఈ విషయంలో బ్రెజిల్ చేసిన పని గమనించదగింది. అక్కడి సావోపౌలో రాష్ట్రంలో 1996లో రోజుకు అరగంట కదలండంటూ ప్రచారం మొదలైంది. రెసిఫె నగరం 2002లో మరో అడుగు వేసింది. వీధి కూడళ్లలో, పార్కుల్లో జీతమిచ్చి వ్యాయామ శిక్షకులను పెట్టి, ఉచితంగా నేర్పించింది. అది ఫలించడంతో 2011లో ఆరోగ్య శాఖ దాన్ని దేశమంతటికీ పథకంగా చేసింది. వచ్చేవారిలో ఎక్కువమంది మహిళలే.

తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు తలపెట్టారు. ఆలోచన మంచిదే. అయితే వాలీబాల్ కోర్టు కుర్రకారుకు పనికొస్తుంది గానీ, మోకాళ్ల నొప్పులతో బాధపడే యాభై ఏళ్ల ఇల్లాలు అక్కడికి వెళ్లి ఏం చేయాలి? ఆమెకు కావలసింది తెల్లవారుజామున వెలిగే ఒక దీపం, నడిచేందుకు చదునైన బాట, చేయి పట్టి నేర్పే మనిషి. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో యోగా నేర్పాలని కేంద్ర పథకంలోనే ఉంది. ఏ రోజు, ఏ వేళకు నేర్పుతారో గ్రామసభలో అడిగి చెప్పించుకోవచ్చు.