గాలిలో అరసెకను

‘సాగర సంగమం’ (1983) చూసినవాళ్ళెవరూ ఫొటోలు తీసే ఆ బుడతణ్ణి మరిచిపోరు. కమల్‌హాసన్ ఒళ్ళు మరిచి నర్తిస్తుంటాడు, కెమెరా పట్టుకున్న పిల్లాడు మాత్రం ఒక్క భంగిమనూ సరిగ్గా పట్టలేడు. హాల్లో అందరూ నవ్వుతారు. కాలేజీ ప్రాజెక్టు కోసం తొలిసారి నాట్యాన్ని చిత్రీకరించే విద్యార్థులకు ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. నాట్యం ఎదురుగా బ్రహ్మాండంగా ఉంటుంది, తెరమీదికి వచ్చేసరికి చప్పబడుతుంది. తప్పు నర్తకిదీ కాదు, చాలాసార్లు కెమెరాదీ కాదు. లెక్కది.

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్‌లో ఒక బృందం పేరిణి నాట్యాన్ని చిత్రీకరిస్తోందనుకుందాం. కాకతీయుల సేనాని జాయప 13వ శతాబ్దంలో ‘నృత్త రత్నావళి’లో వివరించిన ఈ నాట్యానికి, ఆ గ్రంథమూ రామప్ప గుడి శిల్పాలూ ఆధారంగా నటరాజ రామకృష్ణ మళ్ళీ ప్రాణం పోశారు. మద్దెల మోతకు మగవాళ్ళు బృందంగా చేసే వీరనాట్యం. ఎగురుళ్ళు ఎక్కువ. కెమెరాకు అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

నర్తకుడు నేల నుంచి 45 సెంటీమీటర్లు ఎగిరాడంటే గాలిలో ఉండేది సుమారు 0.6 సెకను. సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాకు దక్కేవి 15 బొమ్మలు. ఇందులో ఒక తమాషా ఉంది. పైకి పోయేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి, ఆ 0.6 సెకనులో సగం కాలం అతను పైనున్న 11 సెంటీమీటర్లలోనే గడుపుతాడు. నర్తకులు గాలిలో ‘నిలబడ్డట్టు’ కనిపించడానికి మొదటి కారణం ఇదే. యూరప్ బ్యాలే నర్తకులు దీనికి ఇంకో ఉపాయం జోడించారు. పెద్ద దూకులో సరిగ్గా పైకి చేరే సమయానికి కాళ్ళూ చేతులూ పైకెత్తుతారు. దాంతో శరీరపు గరిమనాభి వాళ్ళ ఒంట్లోనే కొంచెం పైకి జరుగుతుంది. ఆ నాభి ఎప్పటిలాగే విల్లులా వంగిన దారిలో పోతుంది, తల మాత్రం కాసేపు ఒకే ఎత్తులో సాగుతుంది. చూసేవాడి కన్ను తలనే అనుసరిస్తుంది కనుక మనిషి తేలుతున్నాడనుకుంటుంది.

1948లో వచ్చిన బ్రిటిష్ చిత్రం ‘ది రెడ్ షూస్’లో ఛాయాగ్రాహకుడు జాక్ కార్డిఫ్ ఈ భ్రమను మరింత సాగదీశాడు. నర్తకులు దూకి పైకి చేరే క్షణంలో కెమెరా వేగం మార్చి, వాళ్ళను ఇంకాస్త సేపు గాలిలో ఆపాడు. అదే ఏడాది మన దగ్గర ఉదయ్ శంకర్ తీసిన ‘కల్పన’ విడుదలైంది. సినిమా నిండా నాట్యమే. దాన్ని తీసింది మద్రాసు జెమినీ స్టూడియోలో. నాట్యాన్ని కెమెరా ముందు పెట్టడం వేరు, కెమెరా కోసం కూర్చడం వేరని తెలియాలంటే సినిమా విద్యార్థులు ఈ రెండూ చూడాల్సిందే.

ఇప్పుడు చేతిలోని ఫోన్ సంగతి. చాలా ఫోన్లు మామూలుగా సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు తీస్తాయి. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవర్తనాలు, వాళ్ళకది సరిపోతుంది. మన కరెంటు 50 ఆవర్తనాలు, కాబట్టి ట్యూబులైటూ చవకరకం ఎల్ఈడీ బల్బూ సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి ఆ తేడా తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 1/60 సెకను తెరిస్తే ఒక ఫ్రేములో ఒకటిన్నరకు పైగా మినుకులు పడతాయి, ఆ లెక్క ఫ్రేముఫ్రేముకూ మారుతుంది. ఫలితంగా తెరమీద నల్లటి చారలు పాకుతాయి. ఫోన్‌ను సెకనుకు 30 ఫ్రేముల దగ్గర ఉంచి, షట్టర్‌ను 1/50కి మార్చండి. ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు మినుకులు పడి చారలు మాయమవుతాయి. మాన్యువల్ సెట్టింగ్ ఉన్న యాప్ ఒకటి చాలు. కళాశాల వార్షికోత్సవాల వీడియోలు సగం పాడయ్యేది ఈ ఒక్క అంకె తెలియకే.

1/50లో చెయ్యి చెదిరిపోతుంది కదా అనొచ్చు. నిజమే. సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో విసిరిన చెయ్యి అంతలోనే 8 సెంటీమీటర్లు జరుగుతుంది, బొమ్మలో అంత మేర అలుక్కుపోతుంది. 1/200 పెడితే 2 సెంటీమీటర్లే, ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. కానీ కదలిక కుదుపులుగా, బొమ్మలాటలా తయారవుతుంది. ఈ కొద్దిపాటి చెదురే చూపుకు కదలికను కలిపి కుడుతుంది. అందుకే నాట్యానికి 1/50 దగ్గరే ఆగడం మేలు. స్లోమోషన్ కావాలంటే పగటి వెలుగులోనే తీయాలి. సెకనుకు 120 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 1/120 కన్నా ఎక్కువసేపు తెరుచుకోలేదు, అంటే ఒక్క మినుకు కూడా పూర్తిగా పట్టదు.

పాటల చిత్రీకరణలో సినిమావాళ్ళకు పాత చిట్కా ఒకటుంది. కెమెరాను రెట్టింపు వేగంతో తిప్పుతూ, పాటను కూడా రెట్టింపు వేగంతో వినిపిస్తారు. తర్వాత మామూలు వేగంలో చూపిస్తే పెదవులు పాటతో కలుస్తాయి, పైట మాత్రం మెల్లగా ఎగురుతుంది. పేరిణికి మాత్రం ఇది చిక్కు తెచ్చిపెడుతుంది. అడుగును రెట్టింపు లయలో వేయొచ్చు, భూమ్యాకర్షణను మాత్రం తొందరపెట్టలేం. ఆ 0.6 సెకను ఎగురు తెరమీద 1.2 సెకను అవుతుంది, కాలు తాళం దాటిపోయాక నేలకు తాకుతుంది. ఎగురుళ్ళున్న జతులను మామూలు వేగంలోనే తీసుకోవాలి.

ధ్వని విషయం చాలామందికి తట్టదు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గుడి ఆవరణలో కెమెరాను 17 మీటర్ల దూరాన పెడితే, కాలు నేలను తాకిన దృశ్యం వెంటనే అందుతుంది, గజ్జెల మోత 0.05 సెకను ఆలస్యంగా చేరుతుంది. 25 ఫ్రేముల లెక్కలో అది ఒక ఫ్రేము కన్నా ఎక్కువే. చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది గానీ ఎక్కడో చెప్పలేడు. ఒక రికార్డర్‌ను నర్తకుల కాళ్ళ దగ్గరే దాచి, మొదట్లో ఒక చప్పట కొట్టించి, ఎడిటింగులో కెమెరా దృశ్యాన్నీ రికార్డర్ ధ్వనినీ ఆ చప్పట దగ్గర కలపాలి.

ఇక వెలుగు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయమే దానికి మంచి పాఠం. మూడు గర్భగుళ్ళు ఒకే మండపం చుట్టూ ఉన్న త్రికూటాలయం ఇది. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభపు నీడలాంటి నిలువు నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడెందుకు కదలదు? అది ఎండ నేరుగా వేసిన నీడ కాదు కాబట్టి. ఆవరణలో పడి చెదిరిన వెలుగు ద్వారాల గుండా, స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. సూర్యుడు ఎటున్నా ఆ వెలుగు వచ్చే దారులు మారవు. సినిమావాళ్ళు తెల్లగుడ్డలు కట్టి, థర్మాకోల్ రేకులు పట్టి తంటాలుపడి తెచ్చుకునే మెత్తటి వెలుగు ఇదే. ఉదయం పది గంటల ముందు మండపం అంచున నర్తకుణ్ణి నిలబెట్టి చూడండి, ముఖాన గుంటల్లా కనబడే నల్లనీడలు ఉండవు. నడినెత్తిన ఎండలో నల్లరాతి ముందు తీస్తే కండ్లు కనబడవు. పాలమూరు వైపు అలంపురం గుళ్ళలోనూ ఇదే లెక్క.

ఇంకో మాట. హాలీవుడ్ నర్తకుడు ఫ్రెడ్ అస్టేర్ తన నాట్యాన్ని తల నుంచి పాదం దాకా ఒకే చట్రంలో, వీలైనంత తక్కువ కత్తిరింపులతో చూపాలని పట్టుబట్టేవాడు. మన రియాలిటీ షోలు రెండు సెకన్లకోసారి కోణం మార్చి నర్తకి పాదాలను మింగేస్తున్న రోజుల్లో ఆ పట్టుదలే సరైనదనిపిస్తుంది.

పానగల్, అలంపురం రెండూ రక్షిత కట్టడాలు. ట్రైపాడ్ భుజాన వేసుకొని బయలుదేరే ముందు సంబంధిత పురావస్తు శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.