బొమ్మ దొరుకుతుంది, గొంతే దొరకదు

డోరా కార్టూన్‌ను ఇంగ్లిషులో చూడాలంటే ఇవాళ పెద్ద కష్టం లేదు. తెలుగు డోరా కోసమే వెతుకులాట. 2009లో సన్ నెట్‌వర్క్ ఖుషి టీవీ మొదలుపెట్టాక నందిగామ, చందర్లపాడు, జగ్గయ్యపేట వైపు కేబుల్ తీగ చేరిన ఇళ్లల్లో డోరా, ఆమె నేస్తం కోతి బుజ్జి తెలుగులో కబుర్లాడారు. ఆ పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో కూర్చుని ఆ గొంతుల కోసం ఇంటర్నెట్‌ను జల్లెడ పడుతున్నారు.

బొమ్మకు ఆసామి ఉన్నాడు. అమెరికా కంపెనీ దాన్ని పదిలంగా దాచుకుంటుంది. డబ్బింగ్‌కు సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాకు పంపిస్తే, మాటలు మన స్టూడియోలో చేరతాయి. ప్రసార హక్కుల గడువు తీరాక ఆ మాటలు ఎవరికీ అక్కర్లేదు. అచ్చయిన పుస్తకమైతే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపి తీరాలి. టీవీకి ఆ నిబంధన లేదు. ప్రసారమైన దాన్ని 90 రోజులు దాచితే చానెల్ బాధ్యత తీరిపోతుంది.

గొంతిచ్చినవాళ్ల సంగతీ అంతే. 2019లో ‘లయన్ కింగ్’ తెలుగులో వస్తే సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు అని ఊరంతా తెలిసింది. రోజూ సాయంత్రం మన పిల్లల్ని కదలనివ్వని టీవీ ఆర్టిస్టుల్లో ఒక్కరి పేరైనా చెప్పగలమా? పోనీ ఉత్త అనువాదమే కదా అనుకుందామంటే, అదీ కాదు. అమెరికాలో డోరా నేర్పింది స్పానిష్ మాటలు. మన దగ్గర నేర్పింది ఇంగ్లిషు. తెలుగు మీడియం బడి నుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్న పిల్లకు అది వేరే కార్యక్రమమే.

దొరికినవైనా ఎలా ఉంటాయి? ఎవరో టీవీ ఎదురుగా ఫోను పట్టుకుని తీసిన ముక్కలు. వెనక ఫ్యాను రొద, అన్నానికి రమ్మని అమ్మ కేక. అభిమానులు అందులోంచి మాటలు లాగి శుభ్రమైన బొమ్మకు అతికిస్తారు. అసలు తంటా అక్కడే. మన టీవీ ప్రసారం సెకనుకు 25 ఫ్రేములు. చాలా కార్టూన్లు తయారైంది దాదాపు 24కు. అంటే ప్రసారం నాలుగు శాతం జోరుగా నడిచిందన్నమాట. 22 నిమిషాల కథ ముగిసేసరికి గొంతు బొమ్మకన్నా 50 సెకన్లకు పైగా ముందుంటుంది. లెక్కకట్టి సాగదీసినా, ప్రకటనల దగ్గర తెగిన ప్రతిచోటా మళ్లీ పెదాలు చూసుకుంటూ కలపాలి.

ఇంతా చేసి యూట్యూబ్‌లో పెడితే, బొమ్మను పోల్చే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. ఫిర్యాదు బొమ్మ మీద, పోయేది తెలుగు. దొరక్కుండా కొందరు బొమ్మను కుడిఎడమలు చేసి పెడుతుంటారు, చూడ్డానికి చికాకే! హక్కుదారుల కోపం చట్టప్రకారం సబబే, కాదనను. కానీ ఫిల్ముకు కాపీరైట్ 60 ఏళ్లు. 2009 నాటిది 2070కి గానీ విడుదల కాదు. అప్పటిదాకా ఏ సీడీ బతుకుతుంది? అందరికీ చూపించడం తర్వాతి మాట, ముందు దాచడం జరగాలి.

దాచాల్సిన సరుకు ఊళ్లల్లోనే ఉండొచ్చు. అటక మీది వీసీఆర్ క్యాసెట్లలో, ట్యూనర్ కార్డు పెట్టి టీవీ చూసిన పాత కంప్యూటర్లలో. బొమ్మ మసకేసిందని చెరపకండి, మధ్యలో ప్రకటనలు కోయకండి, ఏ చానెల్, ఏ ఏడాదో రాసి రెండు చోట్ల పెట్టండి. సీపీయూను తూకానికి వేసేముందు హార్డ్‌డిస్కు మాత్రం విప్పించుకోండి. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడెవరైనా పావుగంటలో తీసిపెడతాడు.