సానియాకి చిక్కని ఆ ఒక్క కప్పు

2016 మే నెలాఖరు. మాకు బీటెక్ సెమిస్టర్ పరీక్షలు. హాస్టల్లో టీవీ లేదు, వైఫై ఉన్నా లేనట్టే. పుస్తకం తెరిచి పెట్టుకుని, పక్కన ఫోన్‌లో లైవ్ స్కోర్ పేజీని రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నా. పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్, మహిళల డబుల్స్ మూడో రౌండ్. ఒకవైపు మన సానియా మీర్జా, మార్టినా హింగిస్. అటువైపు ఇరవై ఏళ్ల చెక్ అమ్మాయిలిద్దరు. క్రెజికోవా, సినియాకోవా. పేర్లు పలకడానికే నోరు తిరగలేదు. 'వీళ్లతో మ్యాచ్ ఎంతసేపులే' అనుకున్నా.

నిజంగానే ఎంతోసేపు సాగలేదు. 6-3, 6-2. ఓడింది మనవాళ్లు! సిగ్నల్ సరిగా లేక తప్పు స్కోర్ చూపిస్తోందేమో అని ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశా. అదే స్కోరు.

ఎందుకంత షాక్ అంటారా? అప్పటికి ఆ జోడీ చేతిలో వరసగా మూడు గ్రాండ్‌స్లామ్‌లు ఉన్నాయి. 2015 వింబుల్డన్, 2015 యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. మధ్యలో వరసగా 41 మ్యాచ్‌లు ఓడకుండా ఆడారు. ఫ్యాన్స్ ఇద్దరి పేర్లూ కలిపి 'శాంటీనా' అని పిలుచుకునేవాళ్లు. పారిస్ కూడా కొడితే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ ఒకేసారి వాళ్ల దగ్గరే ఉండేవి. హింగిస్‌కి ఫ్రెంచ్ డబుల్స్ కొత్తేం కాదు, 1998లో, 2000లో గెలిచేసింది. లేనిది సానియాకే.

ఇప్పుడు ఆ మట్టి సంగతి చెప్పుకోవాలి. పేరుకి క్లే కోర్టు గానీ, రోలాండ్ గారోస్‌లో పైన కనిపించే ఎరుపంతా ఇటుక పొడి. మిల్లీమీటర్లలో కొలిచేంత పల్చటి పొర. దాని కింద సున్నపురాయి పొడి ఉంటుంది. బంతి పడగానే ఆ పొడి దాన్ని పట్టి లాగుతుంది. అందుకే బంతి వేగం తగ్గి పైకి లేస్తుంది. గడ్డి మీద జారిపోయే బంతి ఇక్కడ భుజం దాకా వస్తుంది. అంటే ఎదుటివాళ్లకి ఆలోచించుకోడానికి ఇంకాస్త టైమ్ దొరుకుతుందన్నమాట.

డబుల్స్‌లో ఆ కాస్త టైమే కొంప ముంచుతుంది. శాంటీనా ఫార్ములా చూడ్డానికి చాలా సింపుల్. వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ బలంగా బాదుతుంది, అవతలివాళ్లు ఎలాగోలా తిప్పికొట్టిన బంతిని నెట్ దగ్గర కాచుకున్న హింగిస్ తుంచేస్తుంది. హార్డ్ కోర్టు మీద, గడ్డి మీద ఇది మెషీన్‌లా నడిచింది. మట్టి మీద అదే ఫోర్‌హ్యాండ్‌కి అవతలివాళ్లు ఒక అడుగు వెనక్కేసి అందుకోగలరు. నెట్ దగ్గరున్న మనిషి తల మీదుగా లాబ్ వేయగలరు. ఇది నా లెక్క. కోచ్‌లు ఒప్పుకోకపోవచ్చు.

అలాగని మట్టి మీద సానియాకి ఆట రాదనుకునేరు! 2015 ఏప్రిల్‌లో ఆమెని డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ చేసిన చార్ల్‌స్టన్ టైటిల్ క్లే మీదే గెలిచింది. కాకపోతే అక్కడిది పచ్చ రంగు క్లే. 2016లో పారిస్‌కి సరిగ్గా ముందు రోమ్‌లో కప్పు కొట్టింది, అది ఎర్రమట్టే. చిన్నప్పుడు హైదరాబాద్‌లో పేడతో చేసిన కోర్టుల మీద ఆడానని తనే చాలాసార్లు చెప్పింది. మరి పారిస్‌లోనే ఏమైంది?

అందరికంటే దగ్గరగా వచ్చింది 2011లో. రష్యా అమ్మాయి ఎలెనా వెస్నినాతో కలిసి ఫైనల్‌కి వెళ్లింది. మహిళల డబుల్స్‌లో సానియాకి అదే మొదటి గ్రాండ్‌స్లామ్ ఫైనల్. క్వార్టర్స్‌లో టాప్ సీడ్ దుల్కో, పెన్నెట్టాలనే ఇంటికి పంపించారు. ఫైనల్లో మాత్రం చెక్ జోడీ హ్లవాచ్కోవా, హ్రదెస్కా చేతిలో 6-4, 6-3తో ఓడారు. హ్రదెస్కా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

2012లో కప్పు వచ్చింది గానీ అది మిక్స్‌డ్, మహేశ్ భూపతితో. 2015లో హింగిస్‌తో క్వార్టర్ ఫైనల్. మాటెక్ సాండ్స్, సఫరోవా ఓడించారు, ఆ ఏడాది కప్పు కూడా వాళ్లదే.

ఇక 2016. ఆ ఏడాది పారిస్‌లో ఒకటే వాన. ఒక రోజైతే ఒక్క బంతీ పడలేదు. మహిళల డబుల్స్‌లో ఓడిన సానియా, క్రొయేషియా ఆటగాడు ఇవాన్ డోడిగ్‌తో మిక్స్‌డ్ ఫైనల్‌కి వచ్చింది. నెట్‌కి అవతల ఎవరో తెలుసా? లియాండర్ పేస్, పక్కన... మార్టినా హింగిస్! మొదటి సెట్ సానియా వాళ్లదే. రెండోది పోయింది. చివర టైబ్రేక్‌లో 10-8తో కప్పు హింగిస్ పట్టుకెళ్లింది. సినిమాలో ఇలా పెడితే అతి చేశారంటాం. ఆ ఆగస్టులోనే శాంటీనా విడిపోయింది. తర్వాత సానియాకి ఇంకో గ్రాండ్‌స్లామ్ రాలేదు. మొత్తం ఆరు. అందులో మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్. మహిళల డబుల్స్ వరసలో పారిస్ ఒక్కటే ఖాళీ.

తల్లయ్యాక మళ్లీ ఆటలోకి వచ్చి, 2022లో చివరిసారి ఆ కప్పు కోసం పారిస్ వెళ్లింది. ఈసారి పార్ట్‌నర్ ఎవరనుకున్నారు? 2011 ఫైనల్లో తనని ఓడించిన లూసీ హ్రదెస్కాయే. పదకొండేళ్ల తర్వాత ఇద్దరూ నెట్‌కి ఒకేవైపు. మూడో రౌండ్ దాకా వెళ్లి, కోకో గాఫ్, జెస్సికా పెగ్యులా చేతిలో 6-4, 6-3తో ఆగిపోయారు. తర్వాతి ఫిబ్రవరిలో దుబాయ్‌లో సానియా రాకెట్ పక్కన పెట్టేసింది.

ఆ రోజు నేను నోరు తిరగక తిట్టుకున్న చెక్ అమ్మాయిలున్నారు కదా. 2018లో ఫ్రెంచ్ డబుల్స్ వాళ్లదే. 2021లో మళ్లీ వాళ్లదే. ఆ ఏడాది క్రెజికోవా సింగిల్స్ కూడా కొట్టేసింది. ఓడింది గాలివాటు ఆటగాళ్ల చేతిలో కాదని అర్థమవడానికి నాకు అన్నేళ్లు పట్టింది. పరీక్ష మాత్రం అప్పుడు ఎలాగోలా గట్టెక్కింది.

2024 ఫైనల్ ఆఫీసులో, మీటింగ్ లేని గ్యాప్ కాదు లెండి, ఆదివారం డ్యూటీలో, ఫోన్‌లో చూశా. గాఫ్‌తో కలిసి సినియాకోవా మూడోసారి అదే కప్పు ఎత్తింది. ఈసారి పేరు తడబడకుండా పలికా.